మత్తడి దాటిన చేప: ఉత్తర తెలంగాణలో ఉమ్మడి మత్స్య నిర్వహణ

పులికాట్ సరస్సులో పట్టపు జాలర్లు 'పాడు' అనే కట్టుబాటు ప్రకారం వల వేసే తావులను చీట్లు వేసి వంతులవారీగా పంచుకొంటారు. తీరప్రాంతపు ఉమ్మడి నిర్వహణకు తరచూ చూపే ఉదాహరణ ఇది. సముద్రం లేని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో హద్దును నిర్ణయించేది చెరువుకట్ట.

1964 నాటి చట్టం కింద నమోదైన మత్స్య సహకార సంఘాలు చెరువులను కౌలుకు తీసుకొన్నాయి. గంగపుత్రులు, ముదిరాజులు కులవృత్తిగా చెప్పుకొనే హక్కు సభ్యత్వ జాబితాకు ఎక్కింది. ఆ జాబితాలో ఎవరుండాలన్న వివాదం ఇంకా తెగలేదు; దాని గురించి రాతకోతలు ఎన్నో జరిగాయి. అంతగా చర్చకు రాని చిక్కు నీటి నడకలో ఉంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. వానాకాలంలో పై చెరువు మత్తడి దుంకితే చేప కింది చెరువుకు చేరుతుంది. పిల్లలను వదిలిన సంఘం ఒకటి, పట్టుకొనే సంఘం మరొకటి. మత్తడికి తడక కట్టవచ్చు; దానికి చెత్త అడ్డుపడి నీరు నిలిస్తే కట్టకు ముప్పు, ఆయకట్టు రైతుతో తగాదా. 2016లో మొదలైన ఉచిత పంపిణీలో బొచ్చె, రవ్వు పిల్లలను చెరువుల వారీగానే వదిలారు. గొలుసును ఒక యూనిట్‌గా తీసుకొని ఉంటే సంఘాల మధ్య పంపకానికి చోటుండేది.

దిగువ మానేరు, కడెం జలాశయాలలో కట్ట ఒకటే, ఊళ్లు అనేకం. అక్కడ కౌలుకు బదులు లైసెన్సు పద్ధతి వచ్చింది. గేట్లు ఎత్తినప్పుడు చేప గోదావరి దారి పడుతుంది. లైసెన్సు జలాశయం దాటదు.