పాటగా నిలిచిన నడక: డెబొరా చీతమ్ ఫ్రేయన్



ఈ సంచికకు ఒక ఆదివాసీ కళాకారుల చరిత్ర రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. మన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి గురించి, గుస్సాడీ కనకరాజు గారి గురించి మీకు తెలుసు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అందుకే ఈసారి సముద్రం దాటి ఆస్ట్రేలియా వెళ్దాం.

డెబొరా చీతమ్ ఫ్రేయన్ యోర్టా యోర్టా, యుయిన్ జాతుల బిడ్డ. ఒపేరా గాయని, స్వరకర్త. ఒపేరా అంటే చాలావరకు పాటతోనే నడిచే నాటకం. వేదిక ముందు పెద్ద వాద్యబృందం ఉంటుంది. దాన్ని నడిపించే మనిషిని కండక్టర్ అంటారు. బస్సులో టికెట్టు కొట్టే కండక్టర్ కాదు, చేతి సైగతో వందమందిని ఒకే తాళానికి తెచ్చేవారు.

డెబొరా 1964లో న్యూ సౌత్ వేల్స్‌లోని నౌరాలో పుట్టింది. మూడు వారాల పసికందుగా ఉన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి ఒక తెల్లవారి కుటుంబానికి ఇచ్చారు. తల్లే వదిలేసిందని చెప్పి పెంచారు. అది నిజం కాదు. ఆ రోజుల్లో ఆదివాసీ పిల్లలను కన్నవారి దగ్గర నుంచి తీసుకుపోవడం ప్రభుత్వ విధానంగానే సాగింది. అలా పోయిన తరాలను 'అపహరించబడిన తరాలు' అంటారు. 1997లో దీనిపై జాతీయ విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

1979లో, పద్నాలుగేళ్ళ వయసులో, డెబొరా స్కూలు పిల్లలతో కలిసి సిడ్నీ ఒపేరా హౌస్‌కు వెళ్ళి జోన్ సదర్లాండ్ పాట విన్నది. ఆ రోజే తన దారి తేలిపోయింది. తర్వాత సిడ్నీ సంగీత కళాశాలలో చదివింది. పెద్దయ్యాక కన్నతల్లిని కలిసింది. దేశమంతా పేరున్న గాయకుడు జిమ్మీ లిటిల్ తనకు స్వయానా మేనమామ అని తెలిసింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో పాడింది.

ఇక అసలు కథ. మర్రే నది ఒడ్డున కమ్మరగంజ అనే ఆదివాసీ నివాసం ఉండేది. అక్కడ తిండి చాలదు, ఇళ్ళు బాగుండవు, మేనేజరు మాటే శాసనం. 1939 ఫిబ్రవరి 4న నూటయాభై మందికి పైగా జనం పిల్లాపాపలతో బయటికి నడిచారు. నది దాటి విక్టోరియా రాష్ట్రంలోకి వెళ్ళిపోయారు. చాలామంది మూరూప్నా, షెపర్టన్ ఊళ్ళ మధ్య పల్లపు నేలల్లో గుడిసెలు వేసుకున్నారు. ఈ నడక మీద ఒపేరా రాయాలని డెబొరా సమాచారం వెతుకుతుంటే, ఆనాడు నడిచినవారిలో తన తాత, అమ్మమ్మ కూడా ఉన్నారని బయటపడింది. రాస్తున్న చరిత్రలోనే తన ఇల్లు దొరికింది.

ఆ కథను పాడాల్సింది ఆదివాసీలే అని ఆమె పట్టుబట్టింది. శిక్షణ పొందిన గాయకులు తక్కువ. లేరని ఊరుకోలేదు. 2009లో షార్ట్ బ్లాక్ ఒపేరా అనే సంస్థ పెట్టి గాయకులను తయారుచేసింది. 2010 అక్టోబరులో 'పీకాన్ సమ్మర్' మొదటి ప్రదర్శన జరిగింది. మహానగరంలో కాదు, మూరూప్నాలో, ఆ జనం చేరుకున్న చోటే. 2016లో అది సిడ్నీ ఒపేరా హౌస్ వేదిక ఎక్కింది.

2015లో ఒక పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్‌లో జాతీయ గీతం పాడమని పిలిచారు. వేల ఏళ్ళ చరిత్ర ఉన్న నేలను 'యువ' దేశమనే మాట తాను పాడలేనని, దాన్ని మార్చమని అడిగింది. ఒప్పుకోలేదు. ఆమె పాడలేదు. 2021 జనవరి 1 నుంచి ఆ మాటను ప్రభుత్వమే మార్చింది.

2018లో 'యూమెరల్లా' అనే పెద్ద రచన వచ్చింది. వలస పాలకులతో గుండిజ్‌మారా జాతి చేసిన యుద్ధంలో పోయినవారి కోసం, వారి భాషలోనే రాసింది. మరుసటి ఏడాది మెల్బోర్న్‌లో తెల్లజాతి బృందగాయకులు కూడా ఆ భాష నేర్చుకుని పాడారు. 2022లో నూంగార్ జాతికి చెందిన ఆరన్ వయట్ మెల్బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాకు కండక్టర్‌గా నిలబడ్డాడు. 2023లో డెబొరా సిడ్నీ సంగీత కళాశాలకే ఆచార్యురాలిగా తిరిగివచ్చింది.

ఇది రాస్తుంటే నాకు ఒక విషయం గుచ్చుకుంది. వార్డెన్‌గా చేరిన కొత్తలో, భోజనాల దగ్గర కోయ మాట్లాడొద్దని పిల్లలకు నేనే చెప్పాను. తెలుగు, ఇంగ్లీషు త్వరగా వస్తాయనుకున్నాను. ఒక ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత ఒక తల్లి వచ్చి, "మేడమ్, మా పాప వాళ్ళ అవ్వ పిలిస్తే తెలుగులో పలుకుతాంది. ముసలామెకు అర్థం కాక ఏడుస్తాంది" అన్నది. నేనూ కోయ ఇంటి బిడ్డనే. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. మన హాస్టళ్ళు పిల్లలను ఎత్తుకుపోయినవి కావు. తల్లిదండ్రులే నమ్మి పంపుతున్నారు. ఆ నమ్మకానికి బదులుగా మనం వాళ్ళ భాషను తీసుకోకూడదు కదా. ఇప్పుడు శనివారం రాత్రి మా హాస్టల్లో కోయ పాటలే. రాని పిల్లలకు వచ్చినవాళ్ళు నేర్పుతున్నారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ చేతిలో ఫోను ఉంది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి, మన వాళ్ళు ఎక్కడి నుంచి నడిచి వచ్చారో అడగండి. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఊరి పేరు, మనిషి పేరు, తేదీ రాసి పెట్టుకోండి. డెబొరాకు తన తాతల పేర్లు వెతికితే దొరికాయి. మన అవ్వలు ఇంకా మన ఇంటి ముందే కూర్చుని ఉన్నారు.