తిట్టు తేలిక, టెలిగ్రాం బరువు

జనవరి వస్తే సిడ్నీలో కొత్త సంవత్సరం టెస్టు. దాంతోపాటే మన పేపర్లలో ‘స్లెడ్జింగ్’ అనే మాటా తిరిగొస్తుంది. ఎదుటివాణ్ని మాటలతో కడిగేయడంలో ఆస్ట్రేలియన్లది ఒక ప్రత్యేకమైన బాణీ. ఆ బాణీ అంటే నాకు చాలా ఇష్టం.

1788లో ఇంగ్లండు నౌకలు ఖైదీలను దించేనాటికి అక్కడ 250కి పైగా ఆదివాసీ భాషలున్నాయి. ఆ భాషల్లోని దెప్పిపొడుపుల్లో వచ్చినవాళ్లు రాసిపెట్టినవి తక్కువే. ఖైదీల యాసను మాత్రం జేమ్స్ హార్డీ వాక్స్ అనే ఖైదీయే 1812లో పదకోశంగా కూర్చాడు. అక్కడి నుంచి వందేళ్లు దాటి వస్తే నుడికారం బాగా ముదిరింది. ఎవరినైనా ఏకిపారేస్తే ‘బకెట్’ చేశారంటారు, తీసిపారేస్తే ‘రబ్బిష్’ చేశారంటారు. పదిమందిలో ఎదిగినవాడు ‘టాల్ పాపీ’. వాడి తల తెగ్గొట్టాల్సిందే. మన తూర్పారబట్టడం, ఉతికి ఆరేయడం లాగే అవీ ఇంటి వాడకంలోని మాటలే.

ఆ బాణీకి పెద్ద దిక్కు యాబ్బా. అసలు పేరు స్టీఫెన్ హెరాల్డ్ గాస్కాయిన్. సిడ్నీలో వీధులు తిరిగి కుందేళ్లు అమ్మేవాడు. అరిచి అరిచి పదునెక్కిన గొంతుతో మైదానంలో ‘హిల్’ అనే గడ్డి దిబ్బ మీద కూర్చునేవాడు. బ్యాటర్ జిడ్డాడితే “కొట్టరా మొద్దూ!” అనే కేక మైదానమంతా వినబడేది. ఇంగ్లండు కెప్టెన్ జార్డిన్ మొహం మీది ఈగలు తోలుకుంటుంటే, “మా ఈగల జోలికి పోకు, ఇక్కడ నీకున్న నేస్తాలు అవే” అన్నాడని చెప్పుకుంటారు. జాక్ హాబ్స్ అంతటివాడు సిడ్నీలో చివరిసారి టెస్టు ఆడినప్పుడు ఆ దిబ్బ దాకా వెళ్లి యాబ్బాతో చేయి కలిపాడు.

అదే జార్డిన్ పర్యటనలో, 1933 జనవరి 14న, అడిలైడ్‌లో ఇంగ్లండు బౌలర్ లార్‌వుడ్ బంతి ఆస్ట్రేలియా కెప్టెన్ వుడ్‌ఫుల్ గుండె మీద తగిలింది. పరామర్శకు వచ్చిన ఇంగ్లండు మేనేజర్ వార్నర్‌తో వుడ్‌ఫుల్, మైదానంలో ఉన్నవి రెండు జట్లే గానీ క్రికెట్ ఆడుతున్నది ఒక్కటేనన్నాడు. ఆ మాట పత్రికలకెక్కింది. రెండు రోజులకు లార్‌వుడ్ బంతికే ఆస్ట్రేలియా ఆటగాడు ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె చిట్లింది. 18న ఆస్ట్రేలియా బోర్డు లండన్‌కు టెలిగ్రాం కొట్టింది. అందులో ఒక ముక్క: ఒంటి మీదికి బంతులేయడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం. అంతే, అప్పట్లో ఇంగ్లండు క్రికెట్‌ను నడిపే ఎంసీసీ భగ్గుమంది. కావాలంటే పర్యటన రద్దు చేసుకుంటామంది. వ్యవహారం గవర్నర్ దాకా, లండన్‌లో మంత్రి దాకా పోయింది. చివరికి ఫిబ్రవరి 8న, మీ క్రీడాస్ఫూర్తిని మేం శంకించడం లేదని బోర్డు మరో టెలిగ్రాం ఇచ్చాకే మంట చల్లారింది. దిబ్బ మీది వేల కేకలు చేయని గాయం ఆ ముక్తసరి మాట చేసింది. కేకలో చమత్కారం ఉంది, టెలిగ్రాంలో తీర్పు ఉంది. ఆ లార్‌వుడ్ 1950లో కుటుంబంతో సహా వచ్చి సిడ్నీలోనే స్థిరపడ్డాడు. తిట్టిన ఊరే అతణ్ని కలుపుకుంది.

తర్వాతి కథ ఇంత తిన్నగా సాగదు. 1960ల్లో ‘స్లెడ్జింగ్’ పుట్టింది, పెద్ద సుత్తి పేరు మీదనే అంటారు. మాట గ్యాలరీలోంచి పిచ్ మీదికి దిగింది, చమత్కారం పలచబడింది. హిల్ కాంక్రీటు స్టాండు కింద కనుమరుగైంది. 2008లో అక్కడే యాబ్బా కంచు విగ్రహం పెట్టారు.

2021 జనవరి 10న అదే మైదానంలో మన హైదరాబాదీ సిరాజ్ బౌండరీ దగ్గర నుంచి నడిచొచ్చి, ప్రేక్షకులు దూషిస్తున్నారని అంపైర్‌కు చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురిని బయటికి పంపారు. దూషించింది వాళ్లు కాదని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ తర్వాత చెప్పింది. జాతి దూషణ జరిగిన మాట మాత్రం నిజమేనని ఒప్పుకుంది. 

పుట్టుకను ఎత్తి తిట్టడాన్ని యాబ్బా బాణీలో కలపడానికి నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లలకు నేను చెప్పేదొక్కటే: ఆటపట్టిస్తే నవ్వి దీటుగా జవాబివ్వండి, రంగు ఎత్తితే సిరాజ్‌లా అక్కడికక్కడే ఫిర్యాదు చేయండి.