ఏలికసాని పెనిమిటి: నామనిర్ణయ విచారము

రాజ్యాధికారము స్త్రీకి సంక్రమించినపుడు ఆమె భర్తను ఏ పేర వ్యవహరింపవలెనను ప్రశ్నకు మన పండితులలో ప్రసిద్ధులైన యొకరు కొంతకాలము క్రిందట ఒక సాహిత్యపత్రికలో సమాధానము చెప్పుచు, రాజు భార్య రాణి యగుచున్నది గనుక రాణి భర్త రాజు కాక తప్పదనియు, తెలుగువారి కిట్టి సందర్భము మిక్కిలి అరుదుగ తటస్థించినది గావున వేరొక పేరు కల్పించుకొను నవసరము వారికి కలుగలేదనియు, కావలసినచో ఆంగ్లేయుల 'ప్రిన్స్ కన్సార్ట్' అను మాటను మనము యథాతథముగ గ్రహింపవచ్చుననియు నిర్ణయించినారు. వారి పాండిత్యమునెడ నాకు గౌరవము మెండు. అయినను ఈ నిర్ణయములు మూడును శాసనములను ప్రక్కనబెట్టి కేవల తర్కముచేత సాధింపబడినవి గనుక వీనిలో ఒక్కటియు నిలువదని చెప్పక తప్పదు. తెలుగున మాట లేదనుట అన్నింటికంటెను అన్యాయము. మాట కలదు. అది నేటికిని పల్లెలలో వాడుకలో నున్నది.

నకిరేకల్లు ప్రాంతమున శాసనముల అచ్చుప్రతులకై తిరుగుచుండిన దినములలో ఈ యూహ నాకు కలిగినది. స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడిన పిమ్మట, సర్పంచి యెవరని యడిగినచో ఆమె భర్తను చూపుట మన పల్లెలలో పరిపాటి యైనది. పంచాయతీ కార్యాలయపు గోడమీది పట్టికలో ఆమె పేరుండును. వీధి మొగమున గట్టిన ఫ్లెక్సీలో ఆయన బొమ్మ నిలువెత్తున నుండును, ఆమె బొమ్మ ఆ మూలన తపాలాబిళ్లంత యుండును. అట్టి యొక గ్రామమున నేను ఆ పెద్దమనిషిని 'సర్పంచిగారూ' అని సంబోధింపగా, ప్రక్క అరుగుమీద చింతపండు గింజ తీయుచున్న ముదుసలి యొకతె తల యెత్తి, "ఆయన సర్పంచేంది సారూ, ఇల్లుటం అల్లుడు. సర్పంచి మా ఊరి ఆడబిడ్డ" అని దిద్దినది. అధికార మెవరిదో, ఇల్లెవరిదో, ఆ యింటిలో ఆయన స్థానమేదో మూడును ఆ రెండు వాక్యములలో తేలిపోయినవి. మన పండితుని పుటలలో ఈ మూడింటికిని చోటు దొరకలేదు.

ఇక శాసనముల సంగతి. రాణి భర్త రాజగునను వాదమునకు మూలము ఏలునది 'రాణి' యను భావన. కాని కాకతి రుద్రమ శాసనములలో రుద్రదేవ మహారాజు. గణపతిదేవుడు కూతునకు పురుషనామ మొసగి సింహాసనమునకు సిద్ధపరచుటలోని యాంతర్య మిదియే: రాజ శబ్దము లింగమును బట్టి పోవునది కాదు, పీఠమును బట్టి పోవునది. పీఠ మొక్కటియే యైనపుడు, దానిపై నొకరు కూర్చుండి యుండగా ఆ పేరు మరియొకరికి మిగులుట యెట్లు? శకము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనమును చూడుడు. శైవగురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడ గ్రామము నిత్తునని తండ్రి పలికెను. ఆ పలుకును చెల్లించి, దానికి వెలగపూడిని గూడ చేర్చినది కూతురు. వాగ్దానము తండ్రిది, చెల్లింపు కూతురిది. అధికారము ఆ రక్తరేఖ వెంటనే నడచినది. రుద్రమ భర్తయైన చాళుక్య వీరభద్రుడు నిడదవోలు ప్రభువంశీయుడు, సామాన్యుడు కాడు. అట్టివాడును ఓరుగల్లున రాజు కాలేదు.

చందుపట్ల శిలను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. 1289 నవంబరు నాటి ఆ చిన్న రాతివలననే రుద్రమ శివసాయుజ్యము మనకు నిశ్చయముగ తెలిసినది. పువ్వుల ముమ్మడి యను భటుడు సోమనాథదేవునకు భూమి నొసగుచు, ఆ పుణ్యము ఎవరికి చెందవలెనో చెప్పినాడు: కాకతి రుద్రమదేవికిని, ఆమెతోకూడ గతించిన మల్లికార్జున నాయనికిని. అతడు సేనానాయకుడు. ప్రభువును, సేనానిని కలిపి స్మరించుట రాజునకు చేయు స్మరణ. భర్త పేరు ఆ పుణ్యమున చేరలేదు. భర్తయే రాజై యుండినచో, ఏ భటుడును ఆ పేరు విడిచి శాసనము వేయించి యుండడు. మార్కోపోలో ఈ దేశమును వర్ణించుచు, ఆమెను గతించిన రాజునకు భార్యగా నెంచినాడు. తండ్రివలన వచ్చిన రాజ్యమును భర్తవలన వచ్చినదిగా గ్రహించుట ఆ పరదేశీయునకు సహజమే కావచ్చును. ఏడువందల యేండ్లకు పిమ్మట మన పండితులు అదే త్రోవ త్రొక్కుట బాధాకరము.

ఆ ముదుసలి పలికిన ఇల్లటమున మూడు లక్షణములు ముఖ్యములు. మగసంతానము లేని యింటికి అల్లుడు వచ్చును. ఆ యింటి పేరు, ఆస్తి కూతురి సంతతి ద్వారమున నిలుచును. అల్లుడు తన పుట్టినింటి హక్కును కోల్పోడు. రెడ్లలోను కమ్మవారిలోను గల ఈ యాచారమును చెన్నరాష్ట్రపు న్యాయస్థానములు అంగీకరించినప్పుడును ఈ మూడవ లక్షణమును ప్రత్యేకించి చెప్పినవి. దత్తునకును ఇల్లటపుటల్లునకును భేద మక్కడనే. ఈ లక్షణములను వీరభద్రునకు పట్టి చూడుడు. గణపతిదేవునకు కొడుకులు లేరు. వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడుగానే నిలిచెను. రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు తండ్రివంశపు పేరు ధరింపక కాకతీయుడుగానే రాజ్య మేలెను. ఒక్క తరమున గాక రెండు తరములలో స్త్రీ ద్వారమున వంశనామము నిలిచినది. ఇది ఇల్లటము కానిచో ఇల్లట మన నేమి? ఆ మాట శిలపై చెక్కబడి యుండనక్కరలేదు. ఇంటిలో జరుగు దానిని శాసనము చెప్పదు.

మన పండితులు ఐరోపా నుండి తెచ్చిన ప్రధానోదాహరణము 1554లో ఇంగ్లండు రాణి మేరీని పెండ్లాడిన స్పెయిను ఫిలిప్పు. ఆతడు ఇంగ్లండు రాజనిపించుకొన్నమాట నిజమే. కాని ఆ బిరుదు ఆమె బ్రదుకుతో ముడివడి యుండెను. 1558లో ఆమె కన్నుమూయగనే అదియు పోయెను. భార్య ప్రాణముతో పోవు రాజత్వము రాజత్వము కాదు. విక్టోరియా సంతతికి ఆమె భర్త ఆల్బర్టు వంశనామము సంక్రమించుటయు, పోర్చుగలు రాణి రెండవ మరియా భర్త ఫెర్నాండు కొడుకు పుట్టిన పిమ్మట 1837లో రాజగుటయు నా మతమునకు ప్రతికూలములు. అవి అపవాదములు. ఉత్సర్గము నెదర్లాండ్సు చూపుచున్నది: 1890 మొదలు 2013 వరకు విల్హెల్మినా, జూలియానా, బియాట్రిక్సు అను మువ్వురు రాణులు వరుసగ నేలినను, మెక్లెన్‌బుర్గు నుండి, లిప్పె నుండి, ఆమ్స్‌బెర్గు కుటుంబము నుండి ముగ్గురల్లుండ్రు వచ్చినను, ఆ వంశము ఆరెంజ్-నస్సౌ గానే యున్నది.

రెండవ ఎలిజబెత్తు 1952 ఏప్రిల్ 9న తన సంతానము విండ్సరు వంశీయులుగానే యుండవలెనని ప్రకటించినది. భర్త ఫిలిప్పు మనసు కష్టపెట్టుకొనెను. 1960లో సంతతిలో కొందరికి మౌంట్‌బాటెన్-విండ్సరు అను జంటపేరు అనుమతింపబడినది. మన పల్లెలలో ఇల్లటపుటల్లుడు పుట్టినింటి పేరు ఒక్క మనుమనికైనను నిలువవలెనని పట్టుబట్టి, పెద్దలు కూర్చుండి ఒప్పందము చేయుట నెరిగినవారికి ఇందులో క్రొత్త యేమియు తోపదు. డెన్మార్కు రాణి మార్గరెట్టు భర్త హెన్రిక్ తనకు రాజబిరుద మీయలేదను వ్యథతో, రాణి ప్రక్కన రోస్కిల్డె దేవాలయమున ఖననమునకు సమ్మతింపక 2018లో గతించెను. రాజునకు తక్కువ, యువరాజునకు ఎక్కువ యను కొలతలే గాని, అల్లుని గౌరవమును అల్లుని గౌరవముగ తెలుపు మాట ఆ దేశమున నుండినచో ఆ వృద్ధుని మనఃక్లేశము కొంత తగ్గి యుండెడిదని నేను దృఢముగ నమ్ముచున్నాను.

'ప్రిన్స్ కన్సార్ట్'ను యథాతథముగ గైకొందమను సలహా సాధ్యము కాదనుటకు ఒక్క ప్రమాణము చాలును. ఆ బిరుదు ఆల్బర్టునకు 1857లో ఇయ్యబడినది. ఫిలిప్పునకు ఎన్నడును ఇయ్యబడలేదు. ఆయన 1957లో 'ప్రిన్స్' మాత్రమే యైనాడు. ఆ 'ప్రిన్స్'ను 'యువరాజు' అని తెనిగించుటచేత, 99 యేండ్ల వయసున 2021లో గతించిన ముదుసలి, సింహాసనమునకు ఏ కాలమునను వారసుడు కానివాడు, మనకు యువరాజుగ మిగిలినాడు. యువరాజన పట్టాభిషేకమునకు ముందున్నవాడు. ఈ యర్థమును చెరపుట భాషకు అపకారము. తిరువాన్కూరున రాణుల భర్తలకు 'కోయిల్ తంపురాన్' అను పేరు వారి ప్రత్యేక కుటుంబములను బట్టి వచ్చినది, కేరళవర్మ వలియ కోయిల్ తంపురాన్ ఆ పేరనే మహాకవిగ ప్రసిద్ధుడైనాడు. అక్కడి మాతృవంశాచారము వేరు గనుక దానిని విడిచెదను. కావున నేను ప్రతిపాదించునది 'ఇల్లటపు దొర'. ఇల్లటమనగానే నవ్వువారు కలరని యెరుగుదును. వీరభద్రుని స్థానమున నవ్వదగిన దేదియు లేదు.

ప్రజాప్రభుత్వమున ఈ పేరు చెల్లదు. రాష్ట్రపతి పదవి వంశముది కాదు, ఇంటిది కాదు, ఐదేండ్లకు అప్పగింపబడినది. 2007లో ప్రతిభా పాటిల్ ఆ పదవి నధిష్ఠించినపుడు ఆమె భర్త దేవీసింగ్ షెకావత్‌ను 'ప్రథమ మహిళ'కు జతగ 'ప్రథమ పురుషుడు' అనవచ్చునని కొందరు తలచిరి. మన వ్యాకరణమున ప్రథమపురుషము పలుకువానిని గాని వినువానిని గాని తెలుపదు, ఆ యిద్దరి సంభాషణకు వెలుపలనున్న వానిని తెలుపును. ఎదుట నిలిచిన యతిథిని అట్లు పిలుచుట తగదు. షెకావత్ అమరావతి నగరమునకు మేయరుగ పనిచేసినవారు. వారికి స్వంతమైన పేరు, స్వంతమైన ప్రతిష్ఠ ఉండెను. ఆహ్వానపత్రికలలో ఆ పేరు వ్రాసి, దాని ప్రక్కన 'రాష్ట్రపతిగారి భర్త' అని చేర్చినచో చాలియుండెడిది, బిరుదు అక్కరలేకుండెను.