మందుతిత్తి మాదిగోనిది, తుపాకి దొరది

మా తాత ఎడమ పిక్కలో రెండు సీసపు చర్రాలు ఉండేవి. తోలు కింద కందిగింజలంత. చిన్నప్పుడు వాటిని వేలితో అటూ ఇటూ జరుపుతూ ఆడుకునేవాణ్ణి. "ఇవేంది తాతా?" అంటే "దొర ఇచ్చిన ఇనాం బిడ్డా" అని నవ్వి ఊరుకునేవాడు. నేను యూనివర్సిటీలో చేరిన తర్వాత, మనవడు చదివేది పాతకాలం సంగతులేనని ఎవరో చెబితే, అప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పిండు. రజాకార్ల గొడవకు ముందు, ఆయనకు పదిహేను పదహారేండ్లప్పుడు, పాకాల అడివి అంచున జరిగిన అడివిపంది వేట అది.

పద్ధతి ఇట్లా ఉండేదట. ముందు రోజు పొద్దుగూకే యాళ్లకు సుంకరి వచ్చి వాడలో కేకేస్తడు. తెల్లారేసరికి ఇంటికో మనిషి రావాలె, డప్పులున్నోళ్లు డప్పులతో రావాలె. కూలి లేదు, వెట్టి. మంచుకు తోలు మెత్తబడితే డప్పు పలకదు గనుక అడివి అంచున చితుకుల మంట వేసి కాచుకుంటరు. దొరా, ఆయన చుట్టాలూ అప్పటికే పోయి మంచెల మీద కూర్చుంటరు. మావాళ్లు ఒక వరసగా నిలబడి, డప్పులు మోగిస్తూ, కట్టెలతో పొదలు బాదుతూ జంతువును దొర ఉన్న దిక్కుకు తోలాలి. అంటే తోలేవాడు కూడా తుపాకి మూతికి ఎదురుగానే నడవాలి. మా తాతకు తగిలినవి పందికి పెట్టిన చర్రాలే. "పంది పోయింది, నేను పడ్డ" అన్నాడు. ఆ రోజు దొర అన్న మాట కూడా ఆయన మరిచిపోలేదు. మందు దండుగైందట.

ఈ సంగతి ఒక సెమినార్లో చెబితే ఒక పెద్ద ప్రొఫెసరు, "ఇది జ్ఞాపకం, చరిత్ర కాదు. అయినా తుపాకికీ దళితులకూ ఏం సంబంధం?" అని అడిగారు. ఆయన వేళాకోళానికి అడగలేదు, నిజంగానే అడిగారు. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

మా దొర పెద్ద దేశ్‌ముఖేం కాదు, చిన్న మక్తాదారు. ఆయన దగ్గరున్నవి బర్మార్లు. హిందీలో భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. మూతి నుంచి నింపి కొట్టే తుపాకి గనుక బర్మార్ అయింది. ముందు గొట్టంలోకి కొలిచిన మందు పోస్తారు. దాని మీద గుడ్డపీలికో పీచో కూరి కడ్డీతో దట్టిస్తారు. తర్వాత చర్రాలు పోసి, అవి జారిపోకుండా మళ్లీ పీచు కూరుతారు. పాతకాలపు తుపాకికి వెలిగించిన జామగి తాడు తగిలించేవారు. ఆ తర్వాత చెకుముకి రాయి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండుకు చెందిన ఫోర్సైత్ అనే పాద్రి దెబ్బకు పేలే మందును తుపాకికి వాడే పద్ధతి కనిపెట్టాక, 1830ల నుంచి రాగి టోపీ తుపాకులు వ్యాపించాయి. 1860ల్లో వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు రావడంతో సైన్యాలు బర్మార్లను వదిలేశాయి. సైన్యం వదిలిన రకమే పల్లెల్లో, అడివి అంచుల్లో, గడీల్లో మరో వందేళ్లు బతికింది.

వేట పుస్తకాలు ఈ యంత్రాన్ని ఎంతో ముచ్చటగా వర్ణిస్తాయి. ఒక్క సంగతి మాత్రం చెప్పవు. బర్మార్‌కు ఒకటే దెబ్బ. గొట్టం లోపల గాడి లేదు గనుక చర్రాలు చెదిరిపోతాయి. పేలగానే తెల్లటి పొగ కమ్ముతుంది, కాల్చినవాడికి ఎదుటిదేదీ కనిపించదు. మళ్లీ నింపడానికి చెయ్యి తిరిగినవాడికి కూడా అరనిమిషం పైన పడుతుంది. మంచె మీద వణికే చేతులతో నింపేవాడికి ఇంకెంత పడుతుందో! ఈ లోపల దెబ్బ తిన్న పంది ఏం చేస్తుంది? వెనక్కి తిరుగుతుంది. వెనక ఉన్నది డప్పు, కట్టె పట్టుకున్న మనిషి. తుపాకి లోపాన్ని దొర భరించలేదు, మాదిగోడు భరించిండు. షికారు పుస్తకాల్లో పులి పొడవు అడుగుల్లో, అంగుళాల్లో ఉంటుంది. తోలినవాళ్లు "రెండు వందల మంది కూలీలు" అని ఒక అంకెగా ఉంటారు. ఆ అంకెలో ఎందరు ఇంటికి తిరిగొచ్చారో ఎవరు రాశారు?

ఇక మందు సంగతి. నల్లమందుగుండుకు మూడే సరుకులు: పెట్లుప్పు, బొగ్గు, గంధకం. వందపాళ్లలో డెబ్బయి అయిదు పెట్లుప్పు, పదిహేను బొగ్గు, పది గంధకం అనేది యూరపులో స్థిరపడిన లెక్క. గంధకం బజారులో కొనాలి. పెట్లుప్పు మాత్రం పాత గోడల మన్నులో, పశువుల కొట్టాల మన్నులో, పేడా పంచితమూ నానిన నేలలో పుడుతుంది. ఆ మన్నును నీళ్లలో వడగట్టి, కాచి, చల్లారబెడితే పలుకులు కడుతుంది. బీహారులో ఈ పని చేసిన నోనియాల పేరే ఉప్పు నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ పాట్నా నుంచి ఓడలకెత్తి యూరపు యుద్ధాలకు పంపిన పెట్లుప్పు వాళ్లు కాచిందే. మనవైపు ఉప్పర్ల పేరు కూడా ఉప్పు మన్ను పని నుంచి వచ్చిందే. బ్రిటిష్ వాళ్ల ఉప్పు చట్టాలు ఆ పనిని చంపేశాక వాళ్లు పూర్తిగా మట్టిపనికి వెళ్లిపోయారు.

బొగ్గుకు గట్టి కట్టె పనికిరాదు, తేలికగా గుల్లగా ఉండాలి. కందికట్టెలు, జిల్లేడు మంచివి. మా ఊళ్లో ఆ పని ఆడవాళ్లది. మా నాయనమ్మ గడి వెనక కొట్టంలో కందికట్టె కాల్చి, బొగ్గు నూరి, మిగతా సరుకులు కలిపి దంచేదట. కట్టె రోలు, కట్టె రోకలి. ఇనుము తాకనిచ్చేవారు కాదు, నిప్పురవ్వ లేస్తే అంతే. మందు పొడిగా ఉంటే మంట అంటుకుంటుందని నీళ్లు చిలకరిస్తూ దంచాలి. చేతులకు కడియాలు కూడా తీసేసేవాళ్లని చెప్పింది. ఇదంతా శాస్త్రం కాదా? కాలేజీలో రసాయనశాస్త్రం చదివినప్పుడు, ఈ పాఠం మా నాయనమ్మకు ముందే వచ్చు అనిపించింది. కానీ ఆమెకు దాని పేరు 'వెట్టి' అనే తెలుసు.

ఆ మందు పోసుకునే తిత్తి తోలుది. చెమ్మ తగలకుండా దొర నడుముకు వేలాడిన ఆ తిత్తిని చచ్చిన గొడ్డు తోలు ఊనించి, కుట్టి ఇచ్చింది మావాళ్లే. మాదిగ చెయ్యి తగిలిన నీళ్లు తాగని దొర, మాదిగ కుట్టిన తిత్తిని పంటితో మూతి విప్పేవాడు. ఇక్కడ మైల అడ్డం రాలేదు. పంది పడితే మాంసం గడికి, పేగులూ కాళ్లూ వాడకు. దుప్పి పడితే దాని తోలు మళ్లీ మా ఇంటికే వచ్చేది, ఊనించి తిరిగి ఇవ్వడానికి.

తోలు, కొవ్వు, తుపాకి, కులం కలిసిన కథ 1857లో కూడా ఉంది. ఎన్‌ఫీల్డ్ కూడా మూతి నుంచి నింపే తుపాకే. దాని కాగితపు తూటాను పంటితో కొరికి మందు పోయాలి. ఆ ఏడాది జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఆయుధాగారం పనివాడొకడు బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగిండు. సిపాయి ఇవ్వలేదు. ఆవు కొవ్వూ పంది కొవ్వూ కొరకబోతున్నవాడికి ఇంకా కులమేందని పనివాడు ఎదురడిగిండని ఆనాటి సైనిక నివేదికలే చెప్తాయి. ఉత్తరాది దళితులు అతణ్ణి మాతాదీన్ భంగీ అని తలుచుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో మంగళ్ పాండే ఉన్నాడు. తూటాలు తయారుచేసే చోట ఎవరి చేతులు పనిచేశాయన్నది మాత్రం లేదు.

దళితులు తుపాకి అసలే పట్టలేదని నేను అనడం లేదు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో మహర్లు చెకుముకి తుపాకులతోనే పేష్వా సైన్యానికి ఎదురు నిలిచారు. మద్రాసు సైన్యంలో పరయలు, మాలలు ఉన్నారు. పరాయివాడి పటాలంలో దొరికిన తుపాకి సొంత ఊళ్లో దొరకలేదన్నదే నా మాట. 1890ల్లో 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతంతో మహర్లను పటాలం నుంచి కూడా తప్పించారు. అట్లాగే ఊరి వేటలో తుపాకి పట్టింది అగ్రవర్ణాలు మాత్రమే కాదు. ముత్రాసి, బోయ ఇండ్లలో, గోండు గూడేల్లో కూడా బర్మార్లు ఉండేవి. మా ఊళ్లో గురి తప్పని వేటగాడు ముత్రాసి ముసలాయన. కానీ వేటను కులవృత్తిగా ఒప్పుకున్నవాళ్ల వరకే ఆ సడలింపు. వాడ దాకా రాలేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1857, 1860 చట్టాలతో తిరుగుబాటు తర్వాత జనం దగ్గర ఆయుధాలు లాక్కున్నారు. లిట్టన్ కాలంలో 1878 ఆయుధాల చట్టం లైసెన్సును స్థిరం చేసింది. దీన్ని మన జాతీయ చరిత్రకారులు దేశాన్నంతా నిరాయుధం చేసిన చట్టంగా రాస్తారు. దేశమంతా ఒకటే అయినట్టు! కొడగును చూడండి. 1861లోనే కొడవలకు ఆయుధాల విషయంలో మినహాయింపు ఇచ్చారు. తర్వాత అది కొడవ జాతివారికీ, జమ్మ భూమి ఉన్నవారికీ అని స్థిరపడింది. అక్కడ కైల్‌పోద్ పండగకు తుపాకికి పూజ చేస్తారు. కొడుకు పుడితే ఒక దెబ్బ, మనిషి పోతే రెండు దెబ్బలు పేలుస్తారు. అదే జమ్మ భూముల్లో 19వ శతాబ్దంలో పొలెయలు కట్టుబానిసలుగా ఉన్నారు. భూమితో పాటు చేతులు మారినవాళ్లు వాళ్లు. ఒకే నేల మీద భూమి ఉన్నవాడికి లైసెన్సు లేని తుపాకి వచ్చింది, భూమికి కట్టేయబడ్డవాడికి ఏదీ రాలేదు. ఈ మినహాయింపును కేంద్ర ప్రభుత్వం 2019లో మరో పదేళ్లు, 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కొడవల సంస్కృతి మీద నాకు కోపం లేదు. సంస్కృతిగా గుర్తింపు ఎవరి తుపాకికి దొరుకుతుంది, ఎవరి తుపాకి నేరమవుతుంది అన్నదే నా ప్రశ్న.

తెలంగాణలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకే పడిపోయాడు. సంఘం జనం చేతుల్లో అప్పుడున్నవి కట్టెలు, వడిసెలలు. ఆ తర్వాతే గడీల మీద పడి తుపాకులు తెచ్చుకున్నారు. వాటిలో బర్మార్లు ఉన్నాయి. మా తాత జీవితంలో మొదటిసారి బర్మార్‌ను చేత్తో పట్టింది అప్పుడే. "బరువుంటదనుకున్న, అంత లేదు" అన్నాడు. ఎన్ని రోజులు పట్టుకున్నవంటే "నాలుగు రోజులు" అన్నాడు. తర్వాత దళంలో కాల్చడం వచ్చినోళ్లకు ఇచ్చారట. కాల్చడం ఎవరికొచ్చు? ముందు నుంచి తుపాకి ఉన్న ఇండ్లోళ్లకే. ఆ పోరాటం మీద వచ్చిన పుస్తకాలు అల్మరా నిండా ఉన్నాయి. ఈ నాలుగు రోజుల సంగతి వాటిలో నాకు కనిపించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1878 చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షన్ చదివితే బర్మార్ పేరు స్పష్టంగా కనిపిస్తుంది. నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి నింపే తుపాకి అడిగితే, వేరే అనర్హత లేకుంటే లైసెన్సు ఇవ్వాలి. ఆ కోవలో పడనివాళ్లు తమకు సరైన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. పైకి చూస్తే ఇందులో కులం లేదు. కానీ పంట ఉందని రుజువేంది? పట్టా, పహాణీ. కౌలుకు చేసేవాడి పేరు పహాణీలో ఉండదు. కూలోడి పేరు ఎక్కడా ఉండదు. పందులు రాత్రి మక్కచేను మీద పడితే చేన్లో మంచె మీద పడుకునేది జీతగాడు. లైసెన్సు మాత్రం ఊళ్లో పడుకున్న పట్టాదారుది. వేటలో ఎవరు ముందు నడిచారో, కాపలాలో కూడా వాళ్లే ముందున్నారు. 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ వేటను దాదాపు పూర్తిగా నిషేధించాక దొరల వేట ఫోటోలు గోడల మీద గౌరవంగా మిగిలాయి. నాటు తుపాకి పత్రికల జిల్లా పేజీలో 'వేటగాళ్ల అరెస్టు'గా మిగిలింది.

చాలామందికి తెలియని ఇంకో నిబంధన ఉంది. కారంచేడు, చుండూరు తర్వాత మనం రోడ్లెక్కి అడిగిన కాలంలోనే, 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో రూల్స్ వచ్చాయి. మూడో రూలు ప్రకారం, దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో ప్రభుత్వం, అవసరమనుకుంటే, దళితేతరుల, ఆదివాసేతరుల ఆయుధాల లైసెన్సులు రద్దు చేయాలి, అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. అచ్చులో ఉన్న మాటే ఇది. 1997 డిసెంబరు 1న బీహారులోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని రణవీర్ సేన చంపేనాటికి ఈ రూలు పుట్టి రెండేళ్లు దాటింది.

నేను ఒక జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు కింద రెండు ప్రశ్నలు పంపాను. పంట రక్షణ లైసెన్సుల్లో ఎస్సీలవి ఎన్ని? 1995 రూలు కింద ఇచ్చినవి ఎన్ని? మొదటిదానికి కులం వారీగా వివరాలు నిర్వహించడం లేదని జవాబు వచ్చింది. రెండోదానికి ఏ రూలో స్పష్టంగా తెలపమని అడిగారు. రూలు కాపీ జతచేసి మళ్లీ పంపాను.