తీగకు తొడిగిన పట్టు

విద్యుత్తు ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం, అంటే అయస్కాంత ప్రభావం కనిపించే ఆవరణ, ఏర్పడుతుందని కోపెన్‌హేగన్ ఆచార్యుడు హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ 1820 జులైలో నాలుగు పుటల లాటిన్ కరపత్రంలో వెల్లడించినప్పుడు, దిక్సూచి ముల్లు కదలడం కంటే అది కదిలిన తీరే పండితులను ఎక్కువగా కలవరపెట్టింది. ముల్లు తీగవైపు వాలక, తీగకు అడ్డంగా తిరగబోయింది. ఆ సెప్టెంబరులోనే పారిస్‌లో శాస్త్రవేత్త ఆంపియర్, ఒకే దిశలో విద్యుత్తు ప్రవహించే సమాంతర తీగలు పరస్పరం ఆకర్షించుకుంటాయనీ, ఎదురు దిశలలో ప్రవహిస్తే వికర్షించుకుంటాయనీ చూపాడు. జర్మనీలోని హాలేలో మరో శాస్త్రవేత్త ష్వైగర్ తీగను ముల్లు చుట్టూ పలుమార్లు తిప్పి, ప్రతి చుట్టు ప్రభావమూ ముందరి దానికి తోడై ముల్లు మరింత బలంగా మళ్ళేటట్లు చేశాడు.

చుట్టుకొద్దీ బలం పెరుగుతుందని తెలిశాక మిగిలింది చుట్టడమే అనిపిస్తుంది గాని, అసలు చిక్కు అక్కడే ఉంది. వట్టి రాగి తీగ చుట్లు ఒకదానికొకటి తగిలితే విద్యుత్తు చుట్టంతా తిరగక అడ్డదారిన దాటిపోతుంది. ఇంగ్లండులో విలియం స్టర్జన్ 1825లో ప్రదర్శించిన విద్యుదయస్కాంతంలో విద్యుత్తు అలా దాటకుండా వార్నిష్ పూసింది తీగకు కాదు, గుర్రపునాడా ఆకారంలో వంచిన ఇనుముకు. అందువల్ల 18 చుట్లను ఎడంఎడంగా వేయవలసి వచ్చింది. అయినా సుమారు 200 గ్రాముల ఆ ఇనుము దాదాపు 4 కిలోల బరువును ఎత్తింది, విద్యుత్తు ఆపగానే వదిలేసింది. చెప్పులు కుట్టే పని నేర్చి, సైన్యంలో పనిచేసి వచ్చిన స్టర్జన్ అప్పటికి ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయంలో బోధకుడు.

చిక్కు విప్పినవాడు అమెరికాలోని ఆల్బనీ అకాడమీ ఉపాధ్యాయుడు జోసెఫ్ హెన్రీ. ఆయన ఇనుమును వదిలి తీగకే పట్టు తొడిగాడు. విద్యుత్తును దాటనివ్వని పట్టు తీగ పొడవునా కప్పినందువల్ల చుట్టును చుట్టుకు ఆనించి, ఒక వరుస మీద మరో వరుస పేర్చడం సాధ్యమై, పావు అంగుళం మందమున్న కడ్డీ మీద దాదాపు 400 చుట్లు పట్టాయి. ఆ పట్టు భార్య లోపావడాలు చించి తెచ్చినదని ఒక కథ ప్రచారంలో ఉంది. వారి వివాహం 1830లో జరగగా పట్టుచుట్టిన తీగలు అంతకుముందే సిద్ధమయ్యాయి గనుక అది వినడానికి సొంపైన కథ మాత్రమే.

తరువాత హెన్రీ 21 పౌండ్ల ఇనుము మీద 60 అడుగుల తీగలు తొమ్మిదింటిని విడివిడిగా చుట్టి, అర పింటు ఆమ్లంతో పనిచేసే ఒక్క చిన్న విద్యుత్ ఘటానికి వాటి కొసలు కలిపి, సుమారు 300 కిలోల బరువు ఎత్తించాడు. అయితే ఘటానికీ అయస్కాంతానికీ మధ్య తీగ పొడవు పెరిగితే ఈ అమరిక నీరసించేది. పొడవాటి ఒకే తీగతో చుట్టిన అయస్కాంతాన్ని, వరుసగా కలిపిన అనేక ఘటాలతో నడిపితే దూరం అంతగా అడ్డుకాదని ఆయన గుర్తించడం టెలిగ్రాఫుకు దారి వేసింది. 1831 ప్రాంతంలో ఆయన ఒక మైలుకు పైగా తీగను గది గోడల వెంబడి చుట్టూ తిప్పి, దాని కొసన పట్టు తొడిగిన తీగ చుట్టిన గుర్రపునాడా అయస్కాంతాన్నీ, దాని ధ్రువాల మధ్య ఇరుసు మీద తిరిగే ఉక్కు అయస్కాంతపు కడ్డీనీ అమర్చాడు. ఈ కొసన ఘటాలు కలపగానే ఆ కొసన కడ్డీ పక్కకు తిరిగి గంటను కొట్టింది.