అమరావతి స్తూప చిత్రాలు

కృష్ణా నది కుడి ఒడ్డున, పాత గుంటూరు జిల్లా అమరావతిలో ఉన్న బౌద్ధ మహాస్తూపాన్ని, దాని శిల్పాలను సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం కొలిచి గీసిన చిత్రాలివి. చాలావరకు 1816–18 మధ్య తయారయ్యాయి. స్తూపంలోని కొన్ని శిల్పాలకు నేడు ఇవే ఏకైక ఆధారం.

స్థానికులు ఆ స్తూపపు దిబ్బను దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరేశ్వరాలయం చెంత కొత్త పట్నం కట్టిస్తూ, రాళ్ల కోసం దిన్నెను తవ్వించారు. ఆ సంగతి తెలిసి మెకంజీ వచ్చి చూశాడు. అప్పటి సహాయకులలో తెలుగువారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పేర్లు ప్రసిద్ధం. ఈ కట్టడం జైనులదని మెకంజీ భావించాడు. బౌద్ధ స్తూపమన్న నిర్ధారణ తర్వాతి పండితులది.

స్కాట్లండ్‌కు చెందిన మెకంజీ 1811లో డచ్చివారి జావాపై జరిగిన దండయాత్రలో పాల్గొన్నాడు. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడు అమరావతికి తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి, మరికొన్ని గోడల్లో కలిశాయి, ఇంకొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. పాలరాయిగా పేరుబడినా ఆ రాయి పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నమవుతుంది, అదే దాని పాలిట శాపమైంది.

హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్ వంటి సర్వే ఉద్యోగులు మిగిలిన పలకలను ఒక్కొక్కటిగా గీశారు. పోలికకు చూస్తే, 1620లలో రోమ్‌లో ఉన్న డచ్చి చిత్రకారుడు బార్తొలొమియస్ బ్రీన్‌బర్గ్ శిథిలాలను నీడల సొగసు కోసం, ఒక దృశ్యంగా గీశాడు. ఈ సర్వే ఉద్యోగులు మాత్రం విరిగిన అంచును విరిగినట్లే చూపారు. సౌందర్యం కన్నా ఈ నిజాయితీయే ఎక్కువ విలువైనది.

1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ మరికొంత తవ్వించాడు. ఆ శిల్పాలు మద్రాసు చేరి, అందులో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లాయి. 1868లో వాస్తు చరిత్రకారుడు ఫెర్గూసన్ తన గ్రంథానికి మెకంజీ చిత్రాలను వాడుకున్నాడు. 1877లో రాబర్ట్ సూయెల్ పరిశోధించాక, 1880లో ప్రభుత్వమే దిన్నెను పూర్తిగా తవ్వించడంతో అక్కడ గుంట మిగిలింది. ఏ పలక ఎక్కడ ఉండేదో చెప్పే గుర్తులు దాంతో చాలావరకు పోయాయి.

చిత్ర సంపుటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బ్రిటిష్ మ్యూజియం, చెన్నై మ్యూజియంలలోని పలకలను దానితో పోల్చి, మెకంజీ నాటికి ఉండి తర్వాత విరిగిన భాగాలను పరిశోధకులు గుర్తించారు.