టపాకాయల లెక్క తీసిన వైద్యులు

టపాకాయలకూ ధనుర్వాతానికీ ఏమిటి సంబంధం? నూటపాతికేళ్ల కిందట అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు తెలియని వైద్యుడు ఉండేవాడు కాదు. జులై 4 స్వాతంత్ర్య దినం దాటిన వారం పది రోజులకు అరచేతి గాయం మానిపోయిందనుకున్న పిల్లలకు దవడలు బిగుసుకుపోయేవి. ఒళ్లు విల్లులా వంగిపోయేది. చాలామంది బతికేవారు కాదు.

ఈ పండుగను తుపాకుల మోతతో, మంటలతో, దీపాల వెలుగుతో జరుపుకోవాలని జాన్ ఆడమ్స్ 1776లోనే భార్యకు ఉత్తరం రాశాడు. వందేళ్లు గడిచేసరికి ఆ మోత పిల్లల చేతుల్లోకి వచ్చింది. చైనా నుంచి దిగుమతైన సీమటపాకాయలు, బొమ్మ ఫిరంగులు, అన్నిటికంటే ప్రమాదమైన ఉత్తుత్తి తూటాల పిస్తోళ్లు. ఆ తూటాలో గుండు ఉండదు కనుక ఏమీ కాదని పెద్దలే కొనిచ్చేవారు. కానీ మందు కదిలిపోకుండా పైన బిగించిన అట్టముక్క, పేలినప్పుడు చేతి మీది మట్టిని కూడా వెంటబెట్టుకుని కండలోకి దూసుకుపోయేది. గుర్రబ్బళ్లు తిరిగే వీధుల్లో ఆ మట్టి నిండా లద్దె. ధనుర్వాతం క్రిమికి గాలి తగలని చోటు కావాలి. పైకి మూసుకుపోయి లోపల కుళ్లే చిన్న గాయం దానికి సరిగ్గా సరిపోయింది.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 1903లో ఊరూరి నుంచీ వివరాలు తెప్పించి ఈ చావులను లెక్కగట్టింది. ఆ ఒక్క పండుగకు 466 మంది పోయారు. వారిలో 406 మంది ధనుర్వాతంతోనే పోయారు. అంతకుముందే షికాగో ట్రిబ్యూన్ ఇలాంటి లెక్కలు వేస్తూ వచ్చింది కానీ, వైద్యుల పత్రిక ఏ వస్తువు వల్ల ఏ గాయమో, ఏ గాయం ఎందుకు ప్రాణం తీసిందో కూడా చెప్పింది. ఏటా మానకుండా ప్రచురించింది. నా దృష్టిలో ఈ కథకు అసలు నాయకులు ఆ పట్టికలే. పండుగ సంబరం మీద ఎవరేమి వాదించినా, పోయిన పిల్లల సంఖ్య ముందు నిలవడం కష్టం.

1908 జులై 3న క్లీవ్‌లాండ్ నగరంలోని క్రెస్గీ దుకాణంలో అమ్మకానికి పెట్టిన బాణసంచాను వెలిగించి చూపించబోతే నిప్పురవ్వ మిగతా సరుకు మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ఆ విషాదం వెన్నంటే నగర పాలక మండలి నగరంలో బాణసంచా వాడకాన్ని నిషేధించింది. అంత పెద్ద నగరం ఆ పని చేయడం అమెరికాకు కొత్త. తర్వాతి రెండు మూడేళ్లలో మరెన్నో నగరాలు అదే దారి పట్టాయి. కేంద్ర ప్రభుత్వం చట్టం చేయలేదు. ఎక్కడికక్కడ మేయర్లు, మండలి సభ్యులు, అగ్నిమాపక అధికారులు తెచ్చిన నిబంధనలవి.

వారి వెనుక నిలబడినవారిలో న్యూయార్క్ నగరానికి చెందిన జూలియా బార్నెట్ రైస్ ఒకరు. ఆసుపత్రుల దగ్గర అనవసరపు రొద ఆపాలని 1906లో సంఘం పెట్టిన ఆమె, తర్వాత ఈ పండుగ మీద దృష్టి పెట్టారు. పిల్లల విభాగానికి మార్క్ ట్వెయిన్ గౌరవాధ్యక్షుడయ్యాడు. టపాకాయలు లాక్కుంటే దేశభక్తి చచ్చిపోతుందన్నవారికి ఈ ఉద్యమం ఊరేగింపులు, ఆటల పోటీలు, ఊరంతా ఒకచోట చేరి చూసే బాణసంచా ప్రదర్శనలతో జవాబిచ్చింది. వద్దని చెప్పి ఊరుకోకుండా బదులుగా ఒక పండుగను చేతిలో పెట్టడం వల్లే ఆ నిషేధాలు నిలిచాయని నాకనిపిస్తుంది.

1909లో 215గా ఉన్న మరణాలు 1910లో 131కి, 1911లో 57కి దిగాయి. ఈ ఘనతంతా నిషేధాలది కాదు. గాయాన్ని తెరిచి శుభ్రం చేసి, ముందుగానే ధనుర్వాతం విరుగుడు మందు ఎక్కించడం వైద్యులకు అలవాటైంది. ఆ అలవాటును ప్రచారం చేసిందీ ఆ పట్టికలే.

మన దగ్గరా దీపావళి మర్నాడు హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఎందరు వచ్చారో పత్రికలు రాస్తాయి. ఏ వార్డులో, ఏ రకం టపాకాయతో, ఎంత వయసువారికి దెబ్బ తగిలిందో పురపాలక సంఘాలే ఏటా ప్రకటించాలి. రాత్రి ఎనిమిది నుంచి పది వరకే కాల్చాలన్న 2018 నాటి సుప్రీంకోర్టు ఆదేశం పైనుంచి వచ్చింది. వీధిలో దాన్ని నిలబెట్టాల్సింది ఊరే.

క్లీవ్‌లాండ్ ఉన్న ఒహాయో రాష్ట్రంలో చాలాకాలం ఒక వింత నియమం ఉండేది. బాణసంచా కొనవచ్చు కానీ, 48 గంటల్లో రాష్ట్రం దాటిస్తానని సంతకం పెట్టాలి. అది ఎవరూ పాటించని సంతకమని అందరికీ తెలుసు. 2022 జులై నుంచి ఆ తంతు పోయి, కొన్ని పండుగ రోజుల్లో కాల్చుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ జాబితాలో దీపావళి కూడా ఉంది. అక్కడి తెలుగు కుటుంబాలకు సంతోషమే. అయితే వద్దనుకునే ఊళ్లు వద్దనవచ్చని అదే చట్టం చెప్పింది. అందువల్ల పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లలో రెండు నియమాలు ఉండవచ్చు. కొనేముందు తమ ఊరి అగ్నిమాపక కార్యాలయంలో అడగక తప్పదు. క్లీవ్‌లాండ్ మాత్రం వద్దనే అంది.